పది రోజులు, ఏడు దేశాలు, సెలవు మాత్రం లేదు

ఏప్రిల్ మూడో వారం దాటిందంటే నంద్యాల జిల్లాలో సెల్‌ఫోన్లకు రెండు పట్టికలు వస్తుంటాయి. ఒకటి రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థది. ఏ మండలంలో వడగాడ్పులు, ఏ మండలంలో తీవ్ర వడగాడ్పులు, మధ్యాహ్నం పూట ఎవరెవరు గడప దాటకూడదు అన్న వివరాలు అందులో ఉంటాయి. రెండోది ట్రావెల్ కంపెనీలది. వేసవిలో కుటుంబ సమేతంగా యూరప్ వెళ్తే కలిగే లాభాలు అందులో ఉంటాయి. మొదటి పట్టిక నిజంగా అవసరమైనది గోస్పాడు పొలాల్లో ఉపాధి పనికి తెల్లవారకముందే పలుగూ పారా పట్టుకొని బయల్దేరేవాళ్లకు. దాన్ని చూసి హడలిపోయేది మాత్రం నంద్యాలలో ఏసీ గదిలో కూర్చొని రెండో పట్టిక చదువుకునేవాళ్లు. ఎండలో ఉన్నవాడు దాన్ని తప్పించుకోలేడు, తప్పించుకోగలిగినవాడు ఎండలో లేడు. వేసవి యూరప్ యాత్రల వ్యాపారం ఈ చిన్న సౌకర్యం మీదే నడుస్తోంది.

లాభాల పట్టికలో ఏటా కనిపించేవి నాలుగు. ఎండ తప్పుతుంది. పిల్లలకు విజ్ఞానం పెరుగుతుంది. ఎవరి పనుల్లో వాళ్లు మునిగిపోయిన కుటుంబమంతా నాలుగు రోజులు కలిసి గడుపుతుంది. తిరిగొచ్చాక బంధువుల్లో పరువు పెరుగుతుంది. ఈ చివరిదాన్ని అచ్చులో వేయరు గాని అందరికీ తెలుసు. దాని మీద పేచీ కూడా లేదు. పెట్టిన డబ్బుకు తగ్గ సరుకు అది. మిగతా మూడు కూడా పచ్చి అబద్ధాలని కొట్టిపారేయలేం. యూరప్ వేసవిలో చల్లదనం, విజ్ఞానం, కుటుంబంతో తీరిక నిజంగానే దొరుకుతాయి. కాకపోతే అవి దొరికేది యూరప్ వాళ్లకు. వాళ్లు వాటిని సంపాదించుకున్న పద్ధతికీ, మనం నలుగురికి పది లక్షలు పోసి కొనుక్కునే ప్యాకేజీకీ ఎక్కడా పొత్తు కుదరదు. ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో లాభాల వరసలోనే చూద్దాం.

ముందుగా చల్లదనం. గోస్పాడు ఎండ సామాన్యమైనది కాదు. నల్లరేగడి నెర్రెలిస్తుంది, కేసీ కాలువ ఎండిపోతుంది, మధ్యాహ్నం రెండింటికి కోవెలకుంట్ల రోడ్డు మీద కుక్క కూడా కనబడదు. నలభై అయిదు డిగ్రీలంటే ఇక్కడ వార్త కాదు. ఇలాంటి చోటి నుంచి బయల్దేరేవాళ్లకు యూరప్ అంటే మంచు, మఫ్లరు, నోట్లోంచి పొగ. స్విట్జర్లాండ్ కొండల మీద తీసిన తెలుగు సినిమా పాటలు ఏళ్ల తరబడి నేర్పిన భూగోళం అది. పల్చటి చీరలో హీరోయిన్ వణికిందంటే ఖండమంతా చలే అనుకున్నాం. ఆ ఖండం ఇప్పుడు ఎలా ఉందో అంకెలే చెబుతాయి. పారిస్‌లో 2019 జూలై 25న 42.6 డిగ్రీలు. ఇంగ్లండులో 2022 జూలై 19న 40.3. ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో 2021 ఆగస్టు 11న 48.8, అంటే నంద్యాల కూడా లేచి నిలబడి నమస్కారం పెట్టవలసిన అంకె. 2022 ఒక్క వేసవిలోనే యూరప్‌లో వేడికి 61 వేల మందికి పైగా చనిపోయారని పరిశోధకులు లెక్క తేల్చారు. ఏథెన్స్‌లో అక్రోపోలిస్‌ను 2023లోనూ, 2024లోనూ ఎండలు ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం పూట మూసేశారు. 2025 జూలై మొదట్లో ఈఫిల్ టవర్ శిఖరానికి ఎవరినీ పోనివ్వలేదు, కారణం ఎండే. అక్కడి ఇళ్లు చలికి ఓర్చేలా కట్టినవి. ఒకసారి లోపలికి వచ్చిన వేడి అంత తేలిగ్గా బయటికి పోదు. చాలా ఇళ్లలో, పాతకాలపు చిన్న హోటళ్లలో ఏసీ ఉండదు. ఇంట్లో ఇరవై నాలుగు డిగ్రీల గదిలోంచి లేచి వెళ్లి, రోమ్‌లో నడినెత్తిన సూర్యుడితో కొలోసియం ముందు వరసలో నిలబడటాన్ని ఎండ తప్పించుకోవడం అనాలంటే చాలా ఉదారమైన మనసుండాలి. బార్సిలోనాలో 2024 జూలైలో పర్యాటకుల తాకిడికి విసిగిపోయిన స్థానికులు, హోటళ్ల ముందు కూర్చున్నవాళ్ల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు చిమ్మారు. చల్లదనం కోరి వెళ్లినవాళ్లకు ఆ ఖండం రుసుము లేకుండా ఇచ్చింది బహుశా అదొక్కటే.

‘ఎంత కాలినా అక్కడ నాలుగు రోజులు కాలుతుంది, మన దగ్గరలా రెండు నెలలు కాదుగా’ అంటారు. నిజమే. ఆల్ప్స్ పైన జూన్‌లోనూ చలి ఉంటుంది, 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రౌయోక్ స్టేషన్ దగ్గర మంచూ ఉంటుంది. అయితే చల్లదనం ఇచ్చేది ఎత్తు. ఆ ఎత్తు ఏ ఖండంలో ఉందని ఒళ్లు అడగదు. ఈ సంగతి మనకంటే ముందు కనిపెట్టింది యూరప్ మనిషే. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్లీకి తగిలింది ఈ రాయలసీమ ఎండే. ఆయన ఇంగ్లండుకు ఓడ ఎక్కలేదు. మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ ఎక్కి ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ కొండను ఆయన పేరుతోనే పిలుస్తున్నాం. యూరప్‌లో పుట్టినవాడు ఎండ తప్పించుకోవడానికి మన కొండను ఎంచుకున్నాడు, మన కొండల పక్కన పుట్టినవాళ్లం యూరప్‌ను ఎంచుకుంటున్నాం. ఎండే అసలు కారణమైతే నంద్యాల నుంచి ఒక పూట కారు ప్రయాణంతో తీరే బాధ అది. దానికి రెండు విమానాలు మారవలసి వస్తోందంటే ఎండను మనం సాకుగా వాడుకుంటున్నాం.

మరి యూరప్ వాళ్లు వేసవిలో ఏం చేస్తారు? ఆగస్టులో పారిస్ వాళ్లు చాలామంది పారిస్‌లో ఉండరు. వీధి చివర రొట్టెల దుకాణం కూడా సెలవు బోర్డు తగిలించుకొని మూసి ఉంటుంది. ఇటలీలో ఆగస్టు 15 పండుగ చుట్టూ నగరాలు ఖాళీ అయి, జనం సముద్రం ఒడ్డుకో కొండ ఊళ్లకో తరలిపోతారు. తాతల నాటి ఇంటికో, ఏటా అద్దెకు తీసుకునే అదే చిన్న ఇంటికో చేరతారు. అక్కడ చూసి తీరవలసినవంటూ ఏమీ ఉండవు. రెండు మూడు వారాలు పొద్దెక్కాక లేస్తారు, నీళ్లలో దిగుతారు, సాయంత్రం రెండేసి గంటలు కూర్చొని భోంచేస్తారు. మనం రొప్పుకుంటూ వెళ్లి చుట్టూ తిరిగి చూసేది, ఇంటివాళ్లు తాళం వేసుకొని ఊరికి పోయిన ఇల్లు. ఈ తీరికను వాళ్లకు వాతావరణం ప్రసాదించలేదు. 1936లో ఫ్రాన్స్ కార్మికులు పెద్దయెత్తున సమ్మె చేశారు. లియోన్ బ్లూమ్ ప్రభుత్వం జీతంతో కూడిన రెండు వారాల సెలవును చట్టం చేసింది. 1982 నాటికి అది అయిదు వారాలైంది. యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశంలోనైనా ఏడాదికి నాలుగు వారాలకు తగ్గకూడదు. మన దగ్గర 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున సెలవు లెక్కగట్టింది. గోస్పాడులో మిరపకాయలు కోసే కూలికి ఆ ఒక్క రోజు కూడా లేదు. యూరప్ వేసవిలో అసలు సరుకు ఆ సెలవే. టవర్లను, మంచును ప్యాకేజీలో కట్టి అమ్మవచ్చు గాని, సెలవును ఏ ట్రావెల్ కంపెనీ అమ్మలేదు. అందుకే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బస్సు కిటికీలోంచి ఆల్ప్స్ పర్వతాలు దాటిపోతుంటే, చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆఫీసు మీటింగులో ‘నా మాట వినిపిస్తోందా’ అని అడుగుతుంటాడు.

సెలవు లేనివాడికి మిగిలేది షెడ్యూలు. పది రోజుల్లో ఏడు దేశాలన్న బేరం అంతగా అమ్ముడుపోవడానికి కారణం ఇదే. పొద్దున అయిదున్నరకు గదిలో ఫోను మోగాలి, ఆరున్నరకు సూట్‌కేసులు బయట పెట్టాలి, ఏడుంపావుకు బస్సు కదలాలి. ఇందులో పిల్లలకు పెరిగే విజ్ఞానం ఏపాటిదో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో తెలిసిపోతుంది. 2024లో అక్కడికి 87 లక్షల మంది వచ్చారు. 2025 జూన్ 16న ఆ రద్దీ భరించలేక ఉద్యోగులే పని ఆపేశారు. అంత జనంలో, 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మోనాలిసా ముందు ఒక నిమిషం నిలబడనిస్తే గొప్ప. ఆ నిమిషమూ ముందువాడు ఎత్తి పట్టుకున్న సెల్‌ఫోన్‌లోనే దర్శనం. బయటికొచ్చే దారిలో చేతులు లేని వీనస్ పక్కన ఒక ఫొటో. శిల్పం మీద ఇంత మక్కువ ఉన్న కుటుంబం ఆళ్లగడ్డలో ఎన్నిసార్లు ఆగి ఉంటుంది? భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ఊరి శిల్పకళలో, బండరాయి దేవుడయ్యే వరస మొత్తం కళ్లారా చూడవచ్చు. అక్కడి విగ్రహాలకు చేతులుంటాయి, చెక్కినవాళ్లు పక్కనే ఉంటారు, పిల్లవాడు అడిగితే ఉలి దించి జవాబు చెబుతారు. అహోబిలం వెళ్లే కార్లు ఆళ్లగడ్డలో టీకి ఆగుతాయి, శిల్పానికి ఆగవు. వెనిస్‌లో అరగంట గొండోలా షికారుకు 90 యూరోలు. అది కట్టి కాలువలో తేలివచ్చిన మనవడికి, తాత పొలానికి నీళ్లిచ్చే కేసీ కాలువలో కూడా ఒకప్పుడు పడవలు నడిచాయని తెలియదు. లండన్‌లో వాటాలు అమ్మి సొమ్ము పోగుచేసిన మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ, సేద్యానికీ పడవలకూ కలిపి 1860ల్లో దాన్ని తవ్వింది. కంపెనీకి గిట్టుబాటు కాకపోతే 1882లో ప్రభుత్వం కొనేసింది. యూరప్ డబ్బు ఎలా బయల్దేరుతుంది, ఎక్కడ లాభం వెతుక్కుంటుంది, నష్టం వస్తే ఎవరి నెత్తిన దిగుతుంది అన్న పాఠం గోస్పాడు పొలిమేరలోనే ఉంది. దాన్ని చూడటానికి వీసా అక్కర్లేదు కాబట్టి ఎవరూ చూపించరు.

‘అయితే ప్రయాణమే చేయొద్దంటారా? పూర్వం వాళ్లు యాత్రలు చేయలేదా?’ అని అడగవచ్చు. చేశారు. కుటుంబంతోనే చేశారు, వేసవిలోనే బయల్దేరారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న, అంటే ఎండలు మండే రోజుల్లో, ఇంటివాళ్లతో, పెద్ద పరివారంతో కాశీకి ప్రయాణమయ్యాడు. అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా మన దారినే పోయాడు. మళ్లీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. దారి ఎలా ఉంది, నీటి వసతి ఏమిటి, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది అని మజిలీ మజిలీకీ రాసిపెట్టాడు. ఆ రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఆ కాలపు దేశాన్ని తెలుగులో చూడాలంటే నేటికీ ఆ పుస్తకమే తెరవాలి. యూరప్ వాళ్లు మన జిల్లాకు వచ్చి చూసిన తీరూ ఇంచుమించు అదే. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాశాడు. వందేళ్ల తర్వాత 1982, 83 సంవత్సరాల్లో డేనియల్ గెబాయర్ నాయకత్వంలో జర్మన్ల బృందం వచ్చి లోపలంతా తిరిగి కొలతలు తీసుకుంది. గుహలు 3,229 మీటర్ల పొడవున్నాయని ఇప్పుడు బోర్డు పెట్టుకుంటున్నాం గాని, పర్యాటకులకు వాటి తలుపులు తెరిచేసరికి 2002 వచ్చింది. ఆ జర్మన్లు తాజ్‌మహల్, చార్మినార్, మీనాక్షి గుడి, గోవా అన్నీ పది రోజుల్లో చుట్టేసి పోదామని వచ్చి ఉంటే బెలుం వాళ్ల పట్టికలో ఉండేదే కాదు. ప్రయాణం వల్ల విజ్ఞానం పెరుగుతుందన్న మాటను కాదనేవాళ్లు లేరు. ఎంత దూరం పోయామన్నదానికంటే ఎంతసేపు ఆగామన్నది అందులో ముఖ్యం, ప్యాకేజీలో లేనిది సరిగ్గా ఆ ఆగడమే.

మూడో లాభం కుటుంబ అనుబంధం. ఇది ప్రయాణానికి నెలల ముందే వీసా కాగితాల దగ్గర మొదలవుతుంది. 2024 జూన్ నుంచి షెంజెన్ వీసా రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. ఆపైన 30 వేల యూరోల వైద్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు సెలవు పత్రం. వీటన్నిటినీ మించింది, వెళ్లినవాళ్లు తిరిగి వస్తారన్న రుజువు. అప్పుడు గోస్పాడు పొలం పట్టాదారు పాసుపుస్తకం బీరువాలోంచి బయటికి వస్తుంది. ఈ ఎండలో ఈ ఊళ్లో మనిషన్నవాడు ఉండగలడా అని బంధువుల ముందు వాపోయినవాళ్లే, ఆ ఊరిని వదిలి తాము బతకలేమని పరాయి ప్రభుత్వాల ముందు కాగితాలతో నిరూపించుకుంటారు. 2024లో భారతీయులు పెట్టుకున్న షెంజెన్ దరఖాస్తులు 11 లక్షలు దాటాయి, అందులో లక్షా 65 వేలకు పైగా తిరస్కరించారు, రుసుము మాత్రం తిరిగి ఇవ్వరు. నలుగురిలో ముగ్గురికి వచ్చి ఒకరికి రాకపోతే, టికెట్ల డబ్బు గొప్పదా అనుబంధం గొప్పదా అన్నది ఆ రాత్రికే తేలిపోతుంది. అందరికీ వచ్చిందే అనుకుందాం. మోకాళ్ల నొప్పుల అవ్వను రాళ్లు పరిచిన వీధుల్లో రోజుకు ఏడెనిమిది కిలోమీటర్లు నడిపిస్తారు. ఇంట్లోనైతే మందుల దుకాణానికి కూడా ఆమెను నడవనివ్వరు. పాల పదార్థాలు, మాంసం సరిహద్దు దాటనివ్వరు కాబట్టి నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఆగిపోతాయి, కందిపొడి, గోంగూర పచ్చడి మాత్రం సూట్‌కేసు ఎక్కుతాయి. రాత్రి పారిస్‌లో గ్రూపు భోజనం పనీర్ కూర. ఫ్రాన్స్ తిండీ లేదు, రాయలసీమ తిండీ లేదు, మధ్యలో ఎక్కడో ఢిల్లీలో భోంచేసి పడుకుంటారు. పగలంతా బస్సులో కూర్చున్న నలుగురూ నాలుగు ఫోన్లలో ఉంటారు. ఫొటో తీసేటప్పుడు దగ్గరికి జరుగుతారు, అది అయిపోగానే ఎవరి ఫోను వాళ్లది. తీరిక లేనివాళ్లను ఒక్కచోట కూర్చోబెట్టినంత మాత్రాన అనుబంధం పుడితే, కర్నూలు నుంచి నంద్యాల వచ్చే బస్సు దిగేసరికి అందరూ అన్నదమ్ములై ఉండాలి.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. పిల్లలకు సెలవులు వేసవిలోనే కదా అన్నది మొదటిది. బరువైన మాటే. కానీ ప్యాకేజీ పది రోజులది, దసరా సెలవులు ఇంచుమించు అన్ని రోజులూ ఉంటాయి. అక్టోబరులో టికెట్ల ధరలు వేసవిలో ఉన్నంత మండవు, మ్యూజియాల ముందు వరసలు తగ్గుతాయి, అన్నిటికంటే ముఖ్యంగా యూరప్ వాళ్లు ఇళ్లలో ఉంటారు. బడులు నడుస్తుంటాయి, సంతలు సాగుతుంటాయి, మనుషులు పనికి వెళ్లి వస్తుంటారు. ఒక దేశం ఎలా బతుకుతోందో పిల్లలకు చూపించాలంటే అది బతుకుతున్నప్పుడు తీసుకుపోవాలి. పైగా ఇంటర్ చదివే పిల్ల ఉన్న ఇంట్లో వేసవి మాత్రం ఖాళీగా ఉంటుందా? నీట్, జేఈఈ, ఈఏపీసెట్ తేదీల మధ్య సందు వెతికి టికెట్లు కొనే తల్లిదండ్రులకు సెలవుల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో అభ్యంతరం, మా డబ్బు మా ఇష్టం, మీకెందుకు కుళ్లు అన్నది. డబ్బు వాళ్లదే, ఇష్టమూ వాళ్లదే. సరదాకు వెళ్తున్నాం అంటే చేతులు జోడించి శుభయాత్ర చెప్పాలి. గొడవంతా ఆ సరదాకు వైద్యం, విద్య, గృహశాంతి అని మూడు బిరుదులు తగిలించడం దగ్గర. బిరుదులు తగిలించాక అవి ఉన్నాయో లేవో అడిగే హక్కు చదివేవాడికి వస్తుంది.

ఇక మిగిలింది నాలుగో లాభం, పరువు. అది ఒక్కటీ అనుమానం లేకుండా చేతికి వస్తుంది. వాట్సాప్‌లో ఈఫిల్ టవర్ కనబడగానే పెద్దమ్మ కూతురు ‘సూపర్ అక్కా’ అంటుంది, పెళ్లి సంబంధాల దగ్గర మాట బరువెక్కుతుంది, పక్కింటివాళ్లు వచ్చే వేసవికి డబ్బు కూడబెట్టడం మొదలుపెడతారు. పరువు కోరుకోవడం తప్పు కాదు, రాయలసీమలో దాన్ని తప్పన్నవాడు నిలవలేడు. అయితే దాన్ని యూరప్ నుంచి విడదీస్తే చాలా చవగ్గా వస్తుంది. నంద్యాల శ్రీనివాస సెంటర్‌లో కుటుంబ సభ్యులందరి బొమ్మలతో, వెనక మంచు కొండలు పెట్టి, ‘యూరప్ యాత్ర దిగ్విజయం’ అని నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించడానికి లక్షలు అక్కర్లేదు, వేలు చాలు. పుట్టినరోజులకే ఫ్లెక్సీలు కట్టే ఊళ్లో దాన్ని వింతగా చూసేవాళ్లూ ఉండరు. ఇక చల్లదనానికి హార్స్లీ చూపించిన కొండ ఉంది. పిల్లల విజ్ఞానానికి దసరా ఉంది, ఆళ్లగడ్డ ఉంది, ఆగి చూసే ఓపిక ఉంటే ఏ దేశమైనా ఉంది. కుటుంబంతో తీరిక ఒక్కటే డబ్బుకు దొరకదు, దాన్ని ఆఫీసులో అడిగి తీసుకోవాలి. ఫోను మోగని రెండు వారాల సెలవు కావాలని, అది తనకే కాదు, కింద పనిచేసేవాడికీ, ఇంట్లో అంట్లు తోమే మనిషికీ, పొలంలో కూలికీ కావాలని నిలబడి అడిగినవాళ్లు మన దగ్గర ఇంకా తక్కువ. యాజమాన్యం కాదంటే ఏం చేయాలన్నదానికి 1936 నాటి పారిస్ కార్మికుల దగ్గర జవాబు ఉంది. యూరప్ గురించి పిల్లలకు నేర్పవలసిన మొదటి పాఠం అది, దాన్ని ఇంట్లో కూర్చొని కూడా నేర్పవచ్చు.